కాపడం అని చెప్పాను

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ రోజుల్లో డ్యూటీ ఎట్లుండేది?" అని అడుగుతారు. ఎట్లా ఉండేదంటే ఏం చెప్పను! కాళ్ళు పీకేవి. నా బదిలీలూ, ప్రమోషన్లూ, సర్వీసు పుస్తకంలో ఎవరేం రాశారూ అన్నది రాయడానికి నాకు ఓపిక లేదు, చదవడానికి మీకూ ఉండదు. తెలంగాణ గొడవల్లో బడులూ కాలేజీలూ బందయిన ఏడాది, అరవై తొమ్మిదిలో, కరీంనగర్ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకోవడానికి చేరాను. మా బాపు ఆ ఆసుపత్రి తోటలోనే కూలి పని చేసేవాడు. తొంభైల్లో ఆదిలాబాద్ వైపు ఒక ట్రస్టు ఆసుపత్రిలో పని చాలించాను. ఏ ఆసుపత్రి పేరూ ఇక్కడ రాయను. పెద్దపేగు చివర, మలద్వారం పైభాగంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళ గురించి రాస్తాను. అందులోనూ ఒక మనిషి గురించి. ఆయన విషయంలో తప్పు నాది. దాన్ని ఇన్నేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మొలలు

మా జిల్లాల్లో మలంలో రక్తం పడితే దాని పేరు మొలలే. రోగి అదే అంటాడు, పక్కింటివాళ్ళూ అదే అంటారు, బస్టాండు గోడల మీద పేరు రాయించుకున్న వైద్యుడూ అదే అంటాడు. ఆడవాళ్ళయితే సిగ్గుతో నెలల తరబడి మొగుడికి కూడా చెప్పరు. చివరికి డాక్టరు కూడా మొలలే అనేస్తే ఇక ఆ మనిషికి దిక్కులేదు.

నేను కొత్తగా ఉద్యోగంలో ఉన్నప్పుడు శ్రీరాంపూర్ బొగ్గు గని నుంచి ఒకతను వచ్చాడు. నిండా నలభై ఏళ్ళు లేవు. రక్తం పడుతోందని చెప్పగానే మా దగ్గరి డాక్టరు ఒకాయన కుర్చీలోంచి లేవకుండానే మొలల మందు రాసిచ్చాడు. పరీక్ష చేస్తాడేమోనని నేను గ్లవ్సు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని పక్కకు జరిపి తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఎనిమిది నెలల తర్వాత ఆ గని మనిషి మళ్ళీ వచ్చాడు. సగానికి సగం తగ్గిపోయాడు. ఈసారి మా పెద్ద డాక్టరు వేలు పెట్టి చూశాడు. గడ్డ రెండంగుళాల లోపలే తగిలింది. చేతులు కడుక్కుంటూ నాతో, "మొదటి రోజు కూడా ఇది వేలికి తగిలే ఉండేది సిస్టర్," అన్నాడు. అంతకు మించి ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ మనిషి ఆ ఏడాదే పోయాడు.

నా అభిప్రాయం దాచుకోను. ఆ మొదటి డాక్టరుది తెలియనితనం కాదు, అసహ్యం. అసహ్యం ఉన్నవాళ్ళు ఈ పనిలోకి రాకండి, బట్టల కొట్టు పెట్టుకోండి. నేను మాత్రం ఏం చేశాను? గ్లవ్సు పెట్టాను గాని నోరు విప్పలేదు. కొత్త పిల్లనని భయం. ఆ గని మనిషి పోయాక నోరు విప్పడం నేర్చుకున్నాను. అవసరానికి మించే నేర్చుకున్నాను.

పెద్ద డాక్టరు

పెద్ద డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. చేయి బంగారం, మాట మాత్రం ఎవరికీ ఎక్కేది కాదు. కణాలు, ఉష్ణోగ్రత, దశ అంటూ ఆయన పుస్తకంలోంచి చదివినట్టు చెప్తుంటే మా జనం నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆయన ఆదిలాబాద్ వైపు ట్రస్టు ఆసుపత్రికి మారినప్పుడు నన్ను కూడా రమ్మన్నాడు. "నేను కోస్తాను, మీరు చెప్పండి," అన్నాడు. అదే మా పద్ధతి అయిపోయింది. ఆయన మంచం దగ్గర నిలబడి చెప్పాల్సింది చెప్పి నా వైపు చూసేవాడు. నేను దాన్ని మా ఇంటి మాటల్లోకి మార్చేదాన్ని. పేగును పొలం కాలువ చేశాను, సెలైన్ సీసాను జావ చేశాను. రోగి ముఖంలో బెరుకు పోతుంటే చూసి మురిసిపోయేదాన్ని. వార్డులో నా మాటంటే మాట. ఆయాలూ, కుర్ర డాక్టర్లూ కూడా నా అడుగుల చప్పుడు వింటే సర్దుకుని నిలబడేవాళ్ళు. అది గౌరవమే అనుకున్నాను.

వేడి

ముందు రోజుల్లో ఈ గడ్డకు మాకు తెలిసిన వైద్యం కోత ఒక్కటే. గడ్డ ముదిరి పక్క భాగాలకు అంటుకుపోతే కోత కూడా కుదిరేది కాదు. పొట్ట మీద మలానికి దారి పెట్టి ఇంటికి పంపేవాళ్ళం. తర్వాత కోతకు ముందే రేడియేషన్ ఇవ్వడం మొదలయింది. మా జనం దానికి పెట్టుకున్న పేరు కరెంటు. కరెంటుతో గడ్డ చిన్నదయితే కత్తికి సందు దొరుకుతుంది.

ఎనభైల చివర్లో హైదరాబాద్ లో పెద్ద డాక్టరు స్నేహితుడొకాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. కరెంటుతో పాటు సెలైన్లో మందు, వాటికి తోడు వారానికి రెండుసార్లు వేడి. గడ్డ ఉన్న భాగాన్ని ఒంటి వేడి కంటే కొద్ది డిగ్రీలు ఎక్కువగా వేడి చేసి గంటసేపు అలాగే ఉంచితే కరెంటూ మందూ దాని మీద ఇంకా గట్టిగా పని చేస్తాయని ఆయన నమ్మకం. అంతా అయ్యాక ఆరు వారాలు ఆగి కోయాలి. ఒట్టి వేడితో ఏ గడ్డా పోదు. అది తోడుగా ఉండే వైద్యమే. ఈ సంగతి పెద్ద డాక్టరు నాకు రెండుసార్లు విడమరిచి చెప్పాడు. నాకు అర్థమయింది కూడా.

ఆ వైద్యానికి మేము పంపిన మొదటి మనిషి భూమన్న. ఇచ్చోడ దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో జొన్న, పత్తి వేసే రైతు. యాభై దాటినవాడు, మాటలు తక్కువ. ఆయన భార్య గంగుబాయి. గడ్డ అప్పటికే కదలకుండా బిగుసుకుని ఉంది. ఈ వైద్యానికి ఒప్పుకుంటే బతికే దారి ఉంది, ఒప్పుకోకపోతే లేదు.

పెద్ద డాక్టరు నోట వేడి అన్న మాట రాగానే భూమన్న చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. బొడ్డు చుట్టూ ఎప్పటివో నాలుగు వాతలు, తోలు ముడుచుకుపోయి ఉన్నాయి.

"చిన్నప్పుడు కామెర్లయితే పెట్టిండ్రు. కడ్డీ ఎర్రగ కాల్చి. నలుగురు ఒత్తి పట్టుకున్నరు నన్ను. మల్ల నాతోని గాదు సిస్టరమ్మా. సచ్చినా గాదు," అన్నాడు.

పెద్ద డాక్టరు మళ్ళీ కణాల గురించి మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి నా వైపు చూశాడు.

"భూమన్నా, ఇది వాత గాదు," అన్నాను నేను. "నీకు నడుము పట్టుకుంటే గంగుబాయి ఏం జేస్తది?"

"ఇటుక పెళ్ళ కాలవెట్టి, బట్టల సుట్టి కాపడం వెడ్తది."

"ఇది గసొంటిదే. మిషనుతోని పెట్టే కాపడం. గంతే."

అంతవరకు గోడకు ఆనుకుని ఉన్న గంగుబాయి ముందుకు వచ్చింది. వాళ్ళ వైపు ఊళ్ళలో కాన్పయిన ఆడదానికి మంచం కింద కుంపటి పెట్టి, ఇటుకతోనూ ఆముదం ఆకులతోనూ నెల రోజులు కాపడం పెడతారు. వాళ్ళ ఊళ్ళో ఆ పనికి పెద్ద చెయ్యి గంగుబాయిదే.

"కాపడానికి భయమేందయ్యా? ఊరి బాలింతలందరికి నేను వెడ్తలేనా? ఎవలన్న కాలిండ్రా? సిస్టరమ్మ బరోబర్ జెప్తుంది, పోదాం పా," అంది.

భూమన్న ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు, సరే అన్నాడు. పెద్ద డాక్టరు గది బయటికి వచ్చాక, "మీరు లేకపోతే ఈ మనిషి వెళ్ళిపోయేవాడు సిస్టర్," అన్నాడు. ఆ రోజంతా నేను గాల్లో తేలిపోయాను.

మాకు నర్సింగు నేర్పిన మేట్రన్ ఒక అలవాటు చేయించింది. రోగికి ఏదైనా చెప్పాక, "ఇప్పుడు నేనేం చెప్పిన్నో నువ్వు నాకు చెప్పు," అని అడగాలి. పదేళ్ళు ఆ పద్ధతి పాటించాను. తర్వాత నా మాట అర్థం కానివాళ్ళు ఉండరన్న ధీమా వచ్చింది. ఆ రోజు అడగలేదు.

హైదరాబాద్ లో

మొదటి విడతకు వాళ్ళతో పాటు నేనూ హైదరాబాద్ వెళ్ళాను, పద్ధతి చూసి రమ్మని పంపారు. బల్ల మీద పడుకోబెట్టి నడుము చుట్టూ నీళ్ళ సంచి చుట్టారు. దాని చుట్టూ యంత్రం. లోపల వేడి ఎంత ఉందో చూడడానికి సన్నని తీగ ఒకటి గడ్డ దాకా పంపారు. "వేడి ఎక్కువనిపిస్తే వెంటనే చెప్పాలి, ఓర్చుకోవద్దు," అని అక్కడి టెక్నీషియన్ మూడుసార్లు చెప్పాడు.

భూమన్న ఒక్క మాట అనలేదు. నుదుటి మీద చెమట చెవుల్లోకి కారుతోంది, పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. టెక్నీషియన్ కే అనుమానం వచ్చి ఆపి చూస్తే తుంటి మీద ఒకచోట చర్మం కందిపోయి ఉంది. సంచి సర్ది, వేడి తగ్గించి మళ్ళీ పెట్టాడు.

"ఎందుకు చెప్పలే భూమన్నా?" అని అడిగాను.

"చెప్తే తక్కువ జేస్తరు గద సిస్టరమ్మా. తక్కువ జేస్తే రోగం ఎట్ల పోతది?"

నేను పకపకా నవ్వాను. తిరిగి వచ్చాక క్యాంటీన్లో మిగతా నర్సులకు ఆ మాట చెప్పి వాళ్ళనూ నవ్వించాను. ఎంత వేడి ఓర్చుకుంటే అంత రోగం పోతుందని ఆ మనిషి నమ్ముతున్నాడని ఆయన నోటితోనే నాకు చెప్పాడు. నాకు అది నవ్వులాటగా వినిపించింది.

అయిదు వారాలు అక్కడ వైద్యం అయింది. మా దగ్గరికి వచ్చాక పెద్ద డాక్టరు పరీక్ష చేసి, ఎప్పుడూ లేనిది బిగ్గరగా అన్నాడు: "కదులుతోంది సిస్టర్! గడ్డ కదులుతోంది!" బిగుసుకున్న గడ్డ వదులయితే దాన్ని పూర్తిగా తీసేయొచ్చు. గంగుబాయికి చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. మరుసటి రోజు బంధువుల ఇంట్లో చేయించి జొన్నరొట్టెలు తెచ్చి వార్డంతా పంచింది.

ఆరు వారాల గడువు ఇచ్చి ఇంటికి పంపాం. బలమైన తిండి తిను, బరువు ఎత్తకు, కరెంటు పెట్టిన చోట చర్మం పల్చబడి ఉంటుంది కాబట్టి సబ్బు రుద్దకు, అని జాగ్రత్తలన్నీ చెప్పాను. ఇంటి దగ్గర కాపడం పెట్టొద్దు అని చెప్పాలని ఎవరికి తోస్తుంది అని మీరు అనవచ్చు. నాకు తోచి ఉండాల్సింది.

నా నోరు

అయిదో వారంలోనే వాళ్ళు వచ్చారు. భూమన్న కాళ్ళు ఎడం చేసి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పక్కకు తిప్పి చూస్తే నడుము కింద, పిరుదుల మధ్య చర్మం నల్లగా మాడి, ఊడి, లోపల ఎర్రటి పుండు. వాసన. కరెంటు వల్ల చర్మం కందడం నాకు తెలుసు. ఇది కందడం కాదు, కాలడం.

"ఇదేంది గంగుబాయీ?"

"కాపడం వెట్టిన సిస్టరమ్మా. రెండు పూటల. వారానికి రెండు సార్లకే గడ్డ గంత కరిగింది గద, రోజు వెడ్తె మొత్తమే కరుగుతది, కోసే పనే వడదనుకున్నం. ఆయన గూడ నొస్తుందని అనలే. ఇంక జర, ఇంక జర అన్నడు."

కరెంటు తిన్న చర్మానికి మామూలు చర్మంలా వేడి తెలియదు, మానే శక్తీ ఉండదు. ఊరంతటికీ కాపడం పెట్టి ఎవరినీ కాల్చని చెయ్యి మొగుణ్ణి కాల్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వార్డులో ఇరవై మంచాల వాళ్ళు వింటుండగా అరిచాను.

"నీకేమన్న తెలివున్నదా? మొగన్ని చంపుతవా నువ్వు? ఎవలు జెప్పిండ్రు నీకు గీ పని జెయ్యుమని? చెప్పు, ఎవలు జెప్పిండ్రు?"

గంగుబాయి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని తల దించుకుంది. భూమన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జవాబు లేకపోవడంతో నాకు ఇంకా కోపం వచ్చి ఇంకో నాలుగు మాటలు అన్నాను. అవి రాయను.

పుండు మానితే గాని ఆ చోట కత్తి పెట్టడానికి లేదు. మానడానికి మూడు నెలలు పట్టింది. రోజూ కట్టు నేనే కట్టాను, ఇంకొకరిని ముట్టనివ్వలేదు. చేతులు మెత్తగానే ఉండేవి. మొహం మాత్రం గట్టిగా పెట్టుకునేదాన్ని. గంగుబాయితో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను దగ్గరికి పోగానే భూమన్న అడగకముందే, "నొస్తలేదు సిస్టరమ్మా," అనేవాడు. నొప్పి లేకపోవడం అయ్యే పని కాదని తెలిసీ నేను ఊఁ అని కట్టు కట్టేసి వెళ్ళిపోయేదాన్ని.

మూడు నెలల తర్వాత పొట్ట తెరిచారు. కాలేయం మీద గింజలు చల్లినట్టు క్యాన్సర్ మచ్చలు. పెద్ద డాక్టరు కత్తి పక్కన పెట్టి, ఇంక కుట్టేయమన్నాడు. బయటికి వచ్చాక నేను అడిగాను, ఆ మూడు నెలలు పోకుండా ఉంటే బతికేవాడా అని.

"ముందే పాకిందో, ఈ మూడు నెలల్లో పాకిందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు," అన్నాడు.

వాళ్ళు ఇంటికి పోయే రోజున గేటు దాకా వెళ్ళాను. అక్కడైనా ఒక మంచి మాట అని ఉండాల్సింది. "గా రోజు జర ఆలోచించి ఉంటే గింత దూరం వచ్చునా గంగుబాయీ," అన్నాను. ఆమె సరేనన్నట్టు తల ఊపి, మొగుడి రెక్క పట్టుకుని బస్సు ఎక్కించింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

నాలుక మీదికి వచ్చిన మాట

ఆ తర్వాత నెల తిరగకముందే జైనూర్ నుంచి ఒకామె వచ్చింది. అదే రోగం, అదే వైద్యం, అదే భయం. పెద్ద డాక్టరు చెప్పాల్సింది చెప్పి నా వైపు చూశాడు. నేను అలవాటు ప్రకారం ఆమె చెయ్యి పట్టుకుని, "భయపడకు అక్కా, ఇది మనం ఇంట్ల పెట్టుకునే కాప..." అన్నాను.

మాట అక్కడే ఆగిపోయింది. ఎవలు జెప్పిండ్రు, ఎవలు జెప్పిండ్రు అని వార్డులో అరిచిన నా గొంతే నాకు వినిపించింది. చెప్పింది నేను. ఒప్పించాననీ, మెప్పు పొందాననీ మురిసిపోయింది నేను. గంగుబాయి నా మాటనే చేతల్లో పెట్టింది. ఆమెకు చేతనైన పని అదొక్కటే, అది వైద్యమేనని నేనే చెప్పాను.

కట్లు ఉతికే గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత పెద్ద డాక్టరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నేనూ అక్కడే ఉన్నాను కదా సిస్టర్. ఎంత బాగా చెప్పారో అనుకున్నాను," అన్నాడు.

పిల్లలూ, ఇంటి మాటల్లో చెప్పడం మానమని నేను అనను. అట్లా చెప్పకపోతే మన జనానికి వైద్యమే అందదు. ఇది ఫలానా దానిలాంటిది అని చెప్పినప్పుడు, ఎక్కడ అది దీనిలాంటిది కాదో కూడా అదే నోటితో చెప్పండి. చెప్పాక వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. మొన్న వచ్చిన ఒక పిల్ల ఇది విని, "అంత టైమెక్కడుంటది మేడం?" అంది. మాకూ ఉండేది కాదు. మూడు నెలలు కట్లు కట్టడానికి మాత్రం దొరికింది.

ఇచ్చోడ దాటి

గంగుబాయికి తప్పు తనది కాదని చెప్పాలి. మొగుణ్ణి తన చేతులతోనే చంపుకున్నానని ఆమె అనుకుంటూ ఉంటుంది, అట్లా అనుకునేలా చేసింది నేను. ఇది తెలిసి కూడా వెంటనే పోలేదు. సెలవు దొరకలేదని ఒక వారం, ఒంట్లో బాగాలేదని ఇంకో వారం. నిజానికి మొహం చెల్లలేదు. రెండు నెలలు గడిచాక, పత్తి ఏరే రోజుల్లో, ఒక ఆదివారం చర్చి మానేసి బస్సెక్కాను. ఇచ్చోడలో దిగి, అక్కడి నుంచి ఒక ఎడ్లబండి మీద ఊరు చేరాను. బండాయన దారిలోనే చెప్పాడు, "భూమన్నా? పోయి పది దినాలాయె."

గంగుబాయి ఇంటి ముందు ఒక్కతే కూర్చుని పత్తిలోంచి ఆకు ఏరుతోంది. నన్ను చూసి గాభరాగా లేచి, కొంగు సర్దుకుని, గోనె పరిచింది. తప్పు చేసి దొరికిన మనిషి లేచినట్టు లేచింది. అది చూసే నాకు సగం ప్రాణం పోయింది. కూర్చోకుండానే చెప్పేశాను.

"గంగుబాయీ, తప్పు నీది గాదు. కాపడం అని జెప్పింది నేను. నా మాట వట్టుకునే నువ్వు వెట్టినవు. నాకు గా రోజు యాదికి రాలే. నేనే మరిసిపోయి నిన్ను తిట్టిన."

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిట్టినా పడడానికి సిద్ధంగానే వెళ్ళాను.

"నాకెరుకే సిస్టరమ్మా," అంది నెమ్మదిగా. "ఆయనకు గూడ ఎరుకే."

"మరి గన్ని మాటలంటుంటే, నువ్వు జెప్పినవు గద అని ఒక్క మాట ఎందుకు అనలే?"

"అందామని నోరు తెరిసిన. ఆయన కండ్లతోని వద్దన్నడు. నువ్వు అటు పోయినంక జెప్పిండు. ఆమెకు కోపం తెప్పియ్యకే, రేపు నన్ను కోసే కాడ ఉండేది ఆమెనే, కట్టు గట్టేది ఆమెనే, మనం ఆమె చేతులల్ల ఉన్నం అన్నడు. మరి నేనేం జెయ్యాలె? సప్పుడు జెయ్యలే."

ఆ గోనె మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు రోగులు నా మాట వింటారని పొంగిపోయాను. వాళ్ళు నాకు భయపడి ఊరుకుంటున్నారని నాకు ఒక్కరూ చెప్పలేదు. నేను అట్లాంటి మనిషిని కాబట్టే చెప్పలేదు. నేను ఏడుస్తుంటే గంగుబాయి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. నేను తాగేదాకా ఆగి, పక్కన కూర్చుని చెప్పింది.

"పోయే ముందటి దినం గూడ అడిగిండు సిస్టరమ్మా. సిస్టరమ్మ కోపం పోయిందా, నీకేమన్న ఎరుకైందా అని. పోయిందట, కబురు పంపింది అని జెప్పిన. గట్ల అవద్దం జెప్పినంకనే ఆయనకు జర నిద్ర పట్టింది."